వంటింటికి రెండు స్టాంపులు

మా ఇంటిని రెండు ముక్కలు చేయాలని మావారూ, మా మరిదీ నిర్ణయించుకోవడానికి ఒక్క వాన సరిపోయింది. ఆ ముక్కలకు సర్కారు పన్ను ఎలా కట్టాలో తేలేసరికి మాత్రం వానలు పోయి ఎండలొచ్చాయి, మావారి చెప్పులు అరిగిపోయాయి, చెప్పులతో పాటు నా పరువూ కాస్త అరిగింది.

ముందు మనుషుల్ని చెప్తాను. లేకపోతే ఎవరు ఎవర్ని విసుక్కుంటున్నారో మీకు అర్థం కాదు.

మావారిని వీధిలో అందరూ రశీదు గారు అంటారు. ఏది కొన్నా, ఏది కట్టినా రశీదు ఉండాలి ఆయనకు. పాత బస్సు టికెట్లు కూడా అట్టపెట్టెలో దాస్తారు. "ఎక్కామనడానికి రుజువు ఉండొద్దా?" అంటారు. దిగామనడానికి రుజువేమిటంటే మాట మారుస్తారు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి, "నేనంటే మీకు ఇష్టమేనా?" అని అడిగాను. "పెళ్లి ఫొటో ఉందిగా, వెనకాల తేదీ కూడా వేయించాను" అన్నారు. మళ్లీ అడగలేదు.

మా మరిది పేరు నొక్కుడు. నేను పెట్టిన పేరే. ఫోనులో నొక్కితే కాని పని లోకంలో లేదని అతని నమ్మకం. కూరగాయలు నొక్కుతాడు, కరెంటు బిల్లు నొక్కుతాడు, పక్కగదిలో ఉన్న భార్యకు "మంచినీళ్లు" అని నొక్కుతాడు. ఆవిడ అక్కణ్ణించే "లేచి తాగండి" అని తిరిగి నొక్కుతుంది.

ఆవిడ నా తోడికోడలు. మాట తక్కువ, చూపు ఎక్కువ. "అలాగే అక్కయ్యా" అని తప్ప నాతో ఇంకో మాట అనదు. అలాగని నేను చెప్పింది చేసిన పాపాన పోదు. పెళ్లై ఈ ఇంటికి వచ్చింది మొదలు మేమిద్దరం ఒకే వంటింట్లో, ఒకే పొయ్యి ముందు, ఒకరు వేసిన మూత ఇంకొకరం సర్దుకుంటూ బతుకుతున్నాం. ఉప్పు డబ్బా నేను పొయ్యికి కుడివైపు పెడతాను. నేను అటు తిరగ్గానే అది ఎడమవైపు ఉంటుంది. మాకున్న కోపతాపాలన్నీ ఆ డబ్బా మీదే తీర్చుకోవడం వల్ల మిగతా ఇల్లు ప్రశాంతంగా ఉండేది.

ఇక నేను. బడికి వెళ్లలేదు. సరుకులు కట్టి వచ్చిన కాగితాలు విప్పి, కూడబలుక్కుని నేర్చుకున్న చదువు నాది. అందువల్ల అక్షరం కనపడితే వదలను. మందు సీసా మీద చీమంత అక్షరాలూ, బ్యాంకు గోడ మీద నోటీసులూ నిలబడి చివరిదాకా చదువుతాను. ఆ గర్వం నాకు బాగా ఉండేది. చివరికి ఆ గర్వంతోనే నా కొంప మునిగింది.

వాన సంగతికి వస్తాను. మా మరిది వీధి గేటుకు కొత్త తాళం పెట్టించాడు. దానికి తాళంచెవి ఉండదు. ఫోను చూపిస్తే తెరుచుకుంటుంది. ఆ సాయంత్రం మావారు సంచీతో వచ్చేసరికి జోరున వాన. ఫోనులో చార్జింగు లేదు. పిలిస్తే వానలో ఎవరికీ వినపడలేదు. మేం చూసేసరికి మావారు గేటు కమ్మీలు పట్టుకుని, జైల్లో మనిషిలా, తడిసి ముద్దై నిలబడి ఉన్నారు. సంచీలోని రశీదులు కూడా తడిశాయి. అదే ఆయన తట్టుకోలేకపోయారు.

"నా ఇంట్లోకి నేను రావడానికి నీ ఫోను దయ కావాలట్రా?" అన్నారు తల తుడుచుకుంటూ.

"చార్జింగు పెట్టుకోకపోవడం గేటు తప్పా అన్నయ్యా?"

"తాళంచెవికి చార్జింగు అక్కర్లేదురా."

"ఆ తాళంచెవి పారేసుకుని పోయినేడు గోడ దూకింది ఎవరు?"

మావారు గోడ దూకిన సంగతి నాకు అప్పుడే తెలిసింది. అడుగుదామనుకునేలోపే మాట ఎక్కడికో వెళ్లిపోయింది. నీ గేటు నీది, నా గేటు నాది అన్నారు ఒకరు. ఇల్లు కూడా అలాగే అనుకుంటే పోలా అన్నారు ఇంకొకరు. పంచుకుందాం అంటే పంచుకుందాం అనుకున్నారు. తల ఆరితే కోపమూ ఆరుతుందని నేను టీ పెట్టాను. తోడికోడలు రెండు గ్లాసులు పట్టుకెళ్లి ఇద్దరి ముందూ పెట్టింది. ఇద్దరూ గ్లాసులు తీసుకుని చెరో గదిలోకి వెళ్లి తలుపులేసుకున్నారు.

మర్నాటికి దస్తావేజులు రాసే ఆయన కొలతల టేపుతో దిగాడు. ఆయన ప్రతి మాటకూ ముందు 'సదరు' తగిలిస్తాడు కాబట్టి ఆయన్ను సదరు గారు అందాం. సదరు గోడ, సదరు కిటికీ, సదరు అమ్మగారు కాస్త పక్కకు జరగాలి. ఇంటి ప్లాను కాగితం మీద వేసుకుని, నిలువునా పెన్సిల్‌తో ఒక గీత గీశాడు. నేను కళ్లజోడు పెట్టుకుని చూశాను. గీత ముందుగది మధ్యగా వచ్చి, వంటింట్లోకి దూరి, సరిగ్గా మా పొయ్యి మీదుగా వెనక వసారాలోకి పోయింది.

"ఇక్కడ గోడ వస్తుందా?" అని అడిగాను.

"సదరు గీత ఉన్నచోటల్లా సదరు గోడ వస్తుందమ్మా."

చిన్నప్పుడు మా నాన్నా, చిన్నాన్నా ఇలాగే విడిపోయారు. పెరట్లో గోడ లేచింది. నాకు జడ వేసే చిన్నమ్మ ఆ పక్క ఉండిపోయింది. మాటల్లేవు, రాకపోకల్లేవు. గోడకు చెవి ఆనిస్తే ఆమె దగ్గు వినిపించేది. అది వింటూ నేను ఇవతల కూర్చునేదాన్ని. కొన్నాళ్లకు ఆ దగ్గు వినపడలేదు. ఎందుకు వినపడటం లేదో ఇంట్లోవాళ్లు నాకు చెప్పకముందే నాకు తెలిసిపోయింది. అప్పట్నించీ ఎవరైనా పెట్టె సర్దుతున్నా, ఇల్లు మారుతున్నా నాకు గుండె దడ. తాపీమేస్త్రీని చూస్తే పక్కవీధిలోంచి తిరిగి వెళ్తాను.

అందుకని ఈ గోడ లేవకూడదనుకున్నాను. అన్నదమ్ములకు చెప్పి చూశాను. ఇద్దరూ "నువ్వు ఊరుకో" అన్నారు, ఒకరు నువ్వని, ఇంకొకరు మీరని. ఇక సదరు గారినే పట్టుకున్నాను.

"ఈ కాగితం రాసేస్తే అయిపోయినట్టేనా?"

"అదెలా అమ్మా? సదరు దస్తావేజుకు స్టాంపు డ్యూటీ కట్టాలి. సదరు పన్ను పడనిదే సదరు కాగితం ఉట్టి కాగితం."

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఆ పన్ను ఎలా కడతారు?"

"మూడు దారులున్నాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు గొడుగు కింద అమ్మే స్టాంపు కాగితాలు కొని వాటి మీద టైపు చేయించవచ్చు. లేదా, మామూలు కాగితం మీద టైపు చేసి బ్యాంకుకు తీసుకెళ్తే మెషీనుతో ముద్ర వేస్తారు. అదీ కాదంటే, ఇంట్లో కూర్చుని సదరు ఫోనులో కట్టేయవచ్చు."

ఒకటే దారి అయితే ఇద్దరూ పట్టుకుని పోయేవాళ్లు. మూడు అనేసరికి నాకు ధైర్యం వచ్చింది. బంధువుల ఇంట పెళ్లికి బస్సులో వెళ్లాలా, రైల్లో వెళ్లాలా అని ఈ అన్నదమ్ములు ఒకసారి వాదించుకుంటూ కూర్చుంటే, మేం చేరేసరికి పెళ్లివారు కుర్చీలు మడుస్తున్నారు. వీళ్లకు మూడు దారులు చూపిస్తే జన్మలో పన్ను కట్టలేరని లెక్కేసుకున్నాను. కాస్త అటూ ఇటూ నెట్టే పని మాత్రం నాది.

మావారికి గొడుగు దారి నచ్చింది. చేత్తో పట్టుకునే కాగితం, దాని మీద నంబరు, వెనకాల అమ్మినవాడి సంతకం. ఆయనకు అది రశీదులకే రశీదు. మా మరిది మొహం చిట్లించాడు గానీ అన్నగారు ముందే లేచి చొక్కా వేసుకున్నారు. ఫలహారం దగ్గర నేను మరిది పళ్లెంలో రొట్టె వేస్తూ, "ఆ కాగితాలు కొన్నవాళ్ల పేరు మీద ఇస్తారట కదా. మీ అన్నయ్య పేరేగా రాయిస్తారు, పెద్దవారు" అన్నాను. అంతే. ఇంకేం అనలేదు.

బజారు పని ఉందని నేనూ వెంట వెళ్లాను. గొడుగు కింద ఆయన పుస్తకం తెరిచి, "కొనేవారి పేరు?" అన్నాడు.

మావారు తన పేరు చెప్పారు.

"అదేంటి? నా వాటా కూడా నువ్వు కొన్నట్టుందే" అన్నాడు మరిది.

"ఇద్దరి పేర్లూ రాస్తాలెండి" అన్నాడు గొడుగాయన. నా లెక్క తప్పిందనుకున్నాను.

"నా పేరు ముందు రాయండి" అన్నారు మావారు.

"అక్షరాల వరసలో నాదే ముందు వస్తుంది."

"పుట్టిన వరసలో నాది ముందు వచ్చింది."

"అది నీ గొప్పా అన్నయ్యా? అమ్మ గొప్ప."

"అమ్మను లాగకు."

వెనక వరస పెరిగింది. ఎవరో, "ఇద్దరూ ఒకేసారి పుట్టుంటే మాకీ బాధ లేకపోను" అన్నారు. గొడుగాయన కాసేపు కలం పట్టుకుని చూశాడు. తర్వాత కలానికి మూత పెట్టి, పుస్తకం మూసి, గొడుగు మడిచి భోజనానికి వెళ్లిపోయాడు. నేను ఆ పూట బజార్లో ఏమీ కొనకుండానే సంతోషంగా ఇంటికొచ్చాను.

తర్వాత బ్యాంకు దారి. సదరు గారు మామూలు కాగితాల మీద దస్తావేజు టైపు చేసి పంపాడు. నేను మొదటినుంచి చివరిదాకా చదివాను. గీత ఎక్కడ ఉందో అక్కడే ఉంది, పొయ్యి మీద. నాకు కళ్లు మసకలు కమ్మాయి గానీ బుర్ర పనిచేస్తూనే ఉంది. మా బ్యాంకులో, మెషీను కిటికీ పక్కన గోడ మీద ఒక నోటీసు ఉంది. 'సంతకములు చేసిన పత్రములపై ముద్ర వేయబడదు.' పెన్షన్ల రోజున వరసలో నిలబడి దాన్ని ఎన్నిసార్లు చదివానో.

"ఏమండీ, అక్కడికి వెళ్లి సంతకాలంటే చేతులు వణుకుతాయి. ఇంట్లో తీరిగ్గా కూర్చుని పెట్టేసుకుంటే పోదూ?" అన్నాను.

"నీకు ఒక్కోసారి మంచి ఆలోచనలు వస్తాయోయ్" అన్నారు మావారు.

ఆయన సంతకం అంటే మామూలు సంగతి కాదు. మొదలుపెడితే చివర తోక తిప్పడానికి మోచెయ్యి కూడా కదలాలి. ప్రతి పేజీ కిందా పెట్టారు. పక్కన పెట్టారు. కొట్టివేత లేకపోయినా కొట్టివేత లేదనడానికి ఇంకోటి పెట్టారు. అన్న అన్ని పెట్టారని తమ్ముడూ అన్నీ పెట్టాడు. తోడికోడలు గుమ్మంలో నిలబడి కాసేపు వాళ్లనూ, కాసేపు నన్నూ చూసింది. ఆమె చూపు నా మీద కాస్త ఎక్కువసేపు ఆగింది గానీ నేను పట్టించుకోలేదు.

బ్యాంకు నుంచి మావారు ఎర్రబడిన మొహంతో వచ్చారు.

"మెషీను దగ్గరావిడ నన్ను నలుగురిలో కడిగేసింది. గోడ మీద అంత లావున రాసి ఉంది, చదువు రాదా అంది."

"అయ్యో."

"నువ్వు గోడలన్నీ చదువుతావుగా. ఈ గోడ చదవలేదా?"

"అన్ని గోడలూ గుర్తుంటాయా ఏమిటి?"

"చుట్టాల ఇంట్లో పదేళ్లనాటి క్యాలెండరు మీద ఏ మందుల కొట్టు పేరు ఉందో గుర్తుంటుంది నీకు."

"అది బొమ్మ బాగుంది కాబట్టి."

ఆయన నన్ను అనుమానంగా చూసి, సంతకాలతో నిండిన ఆ కాగితాలను అట్టపెట్టెలో దాచారు. ఎందుకంటే పాడైపోయాయనడానికి రుజువు ఉండాలట. అప్పుడు తోడికోడలు నోరు తెరిచింది.

"మళ్లీ టైపు చేయించాలిగా. సదరు గారి గది బజారు దారిలోనే. నేను వెళ్లి చేయించుకొస్తాను."

నాకు ఒళ్లు మండింది. వంటింట్లోకి రాగానే, "విడిపోవడానికి నీకంత తొందరేమిటమ్మా?" అన్నాను.

"అలాగే అక్కయ్యా" అంది. ఉప్పు డబ్బా ఎడమవైపు జరిపి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. ఇన్నేళ్లు నా పక్కన నిలబడ్డ మనిషికి గోడ కావాలంటే కావాలి, నేనెందుకు అడ్డుపడాలి అనిపించింది. అయినా అడ్డుపడకుండా ఉండలేకపోయాను. ఆమె తెచ్చిన రెండో కాపీని చదవలేదు. మొదటిదే కదా మళ్లీ టైపు చేశారు, అదే గీత మళ్లీ చూసి ఏడవడం ఎందుకనుకున్నాను.

ఈలోగా మా మరిది, "మీ గొడుగులూ, గోడలూ అయ్యాయిగా. ఇక నా దారి చూడండి" అని భోజనాల బల్ల దగ్గర ఫోనుతో కూర్చున్నాడు. సగం పన్ను అతని ఖాతాలోంచి, సగం మావారి ఖాతాలోంచి వెళ్లాలి. అతని సగం టక్కున వెళ్లింది. మావారి సగానికి ఆయన ఫోనుకు ఒక కోడు వస్తుంది, అది చూసి చెప్పాలి. మావారి కళ్లజోడు కనపడలేదు. కనపడదు, నా నడుముకు దోపుకుని ఉంది.

"వదినా, మీరు చదవండి" అన్నాడు మరిది.

నేను ఫోను పట్టుకున్నాను. "ఆరు... ఉండు, తొమ్మిదేమో. సున్నా... దీన్ని సున్నా అంటారా, గుండ్రంగానే ఉంది..."

"త్వరగా వదినా, టైము అయిపోతోంది."

"తొందరపెడితే నాకు కనపడదు నాయనా."

టైము అయిపోయింది. ఇంకో కోడు వచ్చింది. దాన్ని చివర్నుంచి చదివాను. అదీ పోయింది.

"చీమంత అక్షరాలు చదివేదానివి, ఇంతలేసి అంకెలు కనపడటం లేదా?" అన్నారు మావారు.

"నేను నేర్చుకున్నది అక్షరాలండీ. అంకెలు పొట్లాల మీద తక్కువ ఉండేవి."

ఈసారి మరిది నా చేతిలోంచి ఫోను లాక్కుని తనే చూసి నొక్కాడు. ఖాతాలోంచి డబ్బు వెళ్లిపోయినట్టు వెంటనే తెలిసింది. కట్టినట్టు పత్రం మాత్రం రాలేదు. తెర మీద ఒక చక్రం తిరగడం మొదలుపెట్టింది. భోజనాలయ్యాయి, తిరుగుతూనే ఉంది. మావారు బల్ల మీదకు వంగి ఆ చక్రాన్నే చూస్తూ కూర్చున్నారు.

"రశీదేదిరా?" అన్నారు చివరికి.

"వస్తుంది అన్నయ్యా."

"డబ్బు పోయి రశీదు రాకపోవడం నా జీవితంలో లేదురా."

"నొక్కితే కాకపోవడం నా జీవితంలోనూ లేదు అన్నయ్యా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాన తర్వాత అలా చూసుకోవడం అదే మొదటిసారి.

మర్నాటి నుంచి ఇద్దరూ ఒకే స్కూటరు మీద తిరగడం మొదలుపెట్టారు. ముందు తమ్ముడు, వెనక కాగితాల సంచీ ఒళ్లో పెట్టుకుని అన్న. బ్యాంకుకు వెళ్తే రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడగమనేవారు. అక్కడికి వెళ్తే ఫోనులోనే ఫిర్యాదు పెట్టమనేవారు. ఫోనులో పెడితే స్వయంగా వచ్చి కలవమనేవారు. అన్న ఫిర్యాదు చెప్పేవారు, తమ్ముడు నొక్కేవాడు. "మర్యాదగా రాయరా, కానీ కోపంగా" అని మావారు అంటుంటే ముందుగదిలోంచి వినపడేది. ఆఫీసు క్యాంటీన్‌లో ఒకే టీని రెండు గ్లాసుల్లో పోసుకుని తాగుతున్నారని తెలిసింది. కిటికీ దగ్గర గుమాస్తా ఎలా ఆవలిస్తాడో మావారు చేసి చూపిస్తే, మా మరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. ఒక ఉదయం చూస్తే గేటుకు పాత తాళం కూడా వేలాడుతోంది, రెండు తాళంచెవులతో.

నా ఎత్తు పారిందనుకున్నాను. పన్ను కట్టకుండా ఆపుదామని చూస్తే ఏకంగా అన్నదమ్ములనే కలిపాను. తోడికోడలి వైపు విజయగర్వంతో చూశాను. ఆమె బీన్స్ తుంచుకుంటోంది.

ఆ సాయంత్రమే ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని, బేకరీ నుంచి కేకు పట్టుకుని వచ్చారు.

"ఏమిటి విశేషం?" అన్నాను.

"పన్ను కట్టేశామోయ్" అన్నారు మావారు.

నా చేతిలో కత్తి ఆగిపోయింది. "ఆ చక్రం ఆగిందా?"

"ఆగలేదని విసుగొచ్చి, రెండో కాపీ పట్టుకుని బ్యాంకుకే వెళ్లాం వదినా. మెషీను దగ్గరావిడ సంతకాల కోసం కాగితాలు తిరగేసి తిరగేసి చూసి, లేవని తేల్చుకుని ముద్ర వేసింది. బ్యాంకు మెట్లు దిగుతుంటే ఫోను మోగింది. ఫోనులో కట్టినదానికి కూడా పత్రం వచ్చేసింది" అన్నాడు మరిది.

"అంటే రెండుసార్లు కట్టారా?"

"రెండుసార్లు కట్టాం. రెండు రశీదులున్నాయి" అన్నారు మావారు. ఆ మొహంలో అంత వెలుగు పెళ్లి ఫొటోలో కూడా లేదు.

నేను కేకు ముక్కలు చేస్తూ నెమ్మదిగా అన్నాను. "ఇప్పుడు మీరిద్దరూ బాగానే ఉన్నారుగా. ఇంకా ఈ పంపకాలు ఎందుకు చెప్పండి?"

ఇద్దరూ నన్ను మతిపోయినదాన్ని చూసినట్టు చూశారు.

"ఇంత తిరిగి కట్టిన పన్ను వృథా చేస్తామా?" అన్నారు మావారు.

"కోపం పోయింది నిజమే వదినా. స్టాంపు పోలేదుగా" అన్నాడు మరిది.

"వెనక్కి ఇవ్వరా?"

"ఇస్తారట. దానికి అర్జీ పెట్టాలి. ఆ అర్జీకి ఒక స్టాంపు అంటించాలి. ఆ స్టాంపు కొనడానికి మూడు దారులున్నాయి."

ఎంత ఆపితే అంత కట్టారు. ఒక్కసారి కట్టాల్సిన పన్ను నా పుణ్యమా అని రెండుసార్లు పడి, గోడ ఇంకా గట్టిపడింది.

రిజిస్ట్రేషన్‌కు ముందురోజు మధ్యాహ్నం, చేసేది లేక వంటింటి సామాను విడదీయడానికి కూర్చున్నాను. నీదొక కుప్ప, నాదొక కుప్ప అనుకున్నాను. వంకర గరిటె ఎవరిది? నేను కొన్నాను, ఆమె వంచింది. చిన్న గిన్నె ఆమె తెచ్చింది, కాని దానికి సరిపోయే మూత నాది. చివరికి రెండు కుప్పలూ ఒక్కటైపోయాయి. తోడికోడలు వచ్చి చూసి, అన్నీ మళ్లీ అలమారలో సర్దేసింది. రేపు విడిపోయే మనిషి ఇవాళ సర్దడం ఏమిటని అడగాలనుకున్నాను. అడగకుండా అలమార తలుపు వేశాను.

మర్నాడు రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒక బల్ల ముందు మా నలుగుర్నీ వరసగా కూర్చోబెట్టారు. పక్కన సదరు గారు. అధికారి కళ్లజోడు ముక్కు చివరకు లాక్కుని ముద్ర చూశాడు. దానికి జత చేసిన రెండో పత్రం చూశాడు.

"ఒకే దస్తావేజుకు రెండుసార్లు కట్టారా? ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటివాళ్లను చూడలేదు."

"నియమం నియమమే" అన్నారు మావారు, ఛాతీ కాస్త ముందుకు పెట్టి.

"సంతకాలకు ముందు పైకి చదువుతాను. వినండి" అని అధికారి మొదలుపెట్టాడు. ముందుగది వచ్చింది, పడకగదులు వచ్చాయి, గేటు వచ్చింది. నేను పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. వంటిల్లు వస్తోంది.

"సదరు ఇంటిలోని వంటగదియు, వెనక వసారాయు ఏ ఒక్క పక్షమునకును చెందక, సదరు ఇరువురు కోడళ్ల జీవితకాలమంతయు ఉమ్మడిగా నుండవలెననియు, సదరు వంటగదిలో ఎట్టి గోడయు, తడికయు, తెరయు కట్టరాదనియు..."

నేను కొంగు తీసేశాను. మావారూ మరిదీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మావారు కాగితాల్లో పేజీ నంబర్లూ ముద్రా చూశారు తప్ప మధ్యలో ఏముందో చదవలేదు. మరిది చివరిదాకా జరిపేసి 'సమ్మతమే' అనే అలవాటున్న మనిషి.

"ఇది ఎవరు రాయించారు?" అన్నారు మావారు.

సదరు గారు గొంతు సవరించుకుని, "సదరు చిన్నకోడలు గారు" అన్నాడు.

నేను పక్కకు తిరిగాను. తోడికోడలు చేతిసంచీలోంచి పిప్పరమెంటు తీసి నోట్లో వేసుకుంటోంది.

"నువ్వా?" అన్నాను.

"మీరు స్టాంపుల పని చూసుకుంటున్నారుగా అక్కయ్యా. కాగితం పని నేను చూసుకున్నాను" అంది మెల్లగా. "మీరు సంతకాలు పెట్టించి మొదటి కాపీ పాడుచేయకపోతే నాకు వీలయ్యేదే కాదు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె చెయ్యి పట్టుకోబోయాను.

"ఇంకా ఉందమ్మా" అన్నాడు అధికారి. "సదరు వంటగదియందు ప్రతిదినము ఉదయమున ముందుగా లేచి పొయ్యి వెలిగించి, అందరికిని మొదటి టీ కాచు బాధ్యత పెద్దకోడలిదనియు, సదరు పొయ్యికి..." అతను ఆగి, కాగితం దగ్గరగా పెట్టుకుని చూశాడు. "సదరు పొయ్యికి ఎడమవైపున ఉప్పు డబ్బా ఉండవలెననియు. ఇది ఉప్పు డబ్బాయేనా?"

"సదరు డబ్బానే సార్" అన్నాడు సదరు గారు.

"ఎడమవైపా?" అన్నాను నేను. కన్నీళ్లు అక్కడికక్కడే ఆగిపోయాయి. "అదెలా కుదురుతుంది? మార్చి రాయండి."

"మార్చవచ్చు. మళ్లీ టైపు చేయించాలి. కొత్త కాగితానికి మళ్లీ స్టాంపు డ్యూటీ కట్టాలి" అన్నాడు అధికారి.

"వద్దు" అన్నారు అన్నదమ్ములిద్దరూ ఒకే గొంతుతో. పుట్టి బుద్ధెరిగాక వాళ్లిద్దరూ ఒకే మాట ఒకేసారి అనడం అదే మొదలు.

"చీమంత అక్షరాలు చదివేదానివి. ఇది చదవలేదా?" అన్నారు మావారు నా చెవి దగ్గర. సంతకం పెట్టమన్నచోట పెట్టాను.

గోడ ముందుగది దాకా వచ్చి ఆగిపోయింది. దాన్ని కూడా సగం ఎత్తులో ఆపేశారు, కూర్చోవడానికి బాగుంటుందని. ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ దాని మీదే కూర్చుని, రెండోసారి కట్టిన పన్ను వెనక్కి రప్పించుకునే అర్జీ రాసుకుంటున్నారు. స్టాంపు ఏ దారిలో కొనాలో ఇంకా తేలలేదు.

నేను రోజూ తెల్లారగానే మోకాళ్లు పట్టుకుని లేచి పొయ్యి వెలిగిస్తున్నాను. ఆలస్యమైతే తోడికోడలి గదిలోంచి, "అక్కయ్యా, దస్తావేజు" అని వినపడుతుంది. తర్వాత ఆమె లేచి వచ్చి నా పక్కన నిలబడి, గ్లాసు ఊదుకుంటూ దగ్గుతుంది. ఆ దగ్గు వినడానికి నేను గోడకు చెవి ఆనించనక్కర్లేదు.

నిన్న ఆమె కొళాయి వైపు తిరిగి ఉందని చూసి, ఉప్పు డబ్బాను చప్పుడు కాకుండా కుడివైపు జరిపాను.

"అక్కయ్యా," అంది ఆమె, వెనక్కి తిరగకుండానే. "దానికి రెండుసార్లు పన్ను కట్టాం."

డబ్బాను మళ్లీ ఎడమవైపు పెట్టాను.